విదేశీ డెలిగేట్ల సాయంత్రానికి ఎక్కడికి?

హైదరాబాద్ మాదాపూర్‌లోని సదస్సుల కేంద్రం హెచ్ఐసీసీలో అంతర్జాతీయ సదస్సు పెడుతుంటే, సాయంత్రం కార్యక్రమానికి చోటు ఎంచుకునేటప్పుడు ముందుగా దూరం చూసుకోండి. ఫలక్‌నుమా ప్యాలెస్ వైభవమే వేరు. 2017 గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ విందు అక్కడే జరిగింది. కానీ మాదాపూర్ నుంచి అది ఊరికి అవతలి చివర. ప్రధానుల కాన్వాయ్‌కి ట్రాఫిక్ ఆపుతారు, మన బస్సులకు ఆపరు కదా! గోల్కొండ కోట, పాతకాలపు మండపం తారామతి బారాదరి అయితే రెండూ దగ్గరే. కోటలో పైదాకా వందల మెట్లుంటాయి కాబట్టి చదునైన బూట్లు వేసుకోమని ఆహ్వానంలోనే రాయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కిందే కుర్చీలు వేయించండి. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలనుకుంటే శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు రెండూ సెలవే. భోజనంలో కారం తగ్గించిన వంటకం ఒక్కటైనా ఉండాలి.