వానలు దిగకముందే పంది పిల్లల కడుపు సంగతి చూసుకోండి

మృగశిర చినుకులు పడితే విశాఖ దగ్గరి ఆనందపురం, పెందుర్తి, పద్మనాభం వైపు పందుల పాకల్లో వినిపించే మాట ఒకటే: పాలు మాన్పించిన వారంలోనే పిల్లలకు పారుడు పట్టింది. అప్పుడు ప్రోబయోటిక్ పొడి (పేగుకు మేలు చేసే సజీవ బ్యాక్టీరియా ఉన్న పొడి) కోసం పరిగెడతారు. ఆ పొడి పారుడు కట్టే మందు కాదు. చెడ్డ క్రిములు దిగకముందే పేగులో చోటు పట్టుకోవలసిన సరుకు. కాబట్టి మే నెలలోనే మొదలుపెట్టాలి.

పంది పిల్లకు తల్లి కడుపులో ఉండగా యాంటీబాడీలు అందవు. పుట్టిన మొదటి 24 గంటల్లో తాగిన జున్నుపాలే దానికి దిక్కు. ఆ రక్షణ మూడు నాలుగు వారాలకు పలచబడుతుంది, సొంత రక్షణ అప్పటికింకా నిలదొక్కుకోదు. సరిగ్గా ఆ సందులో పాలు మాన్పిస్తే కడుపులో ఆమ్లం చాలదు, కొత్త దాణా అరగదు, అరగని మాంసకృత్తుల మీద పారుడు తెచ్చే ఇ.కోలై బ్యాక్టీరియా పెరుగుతుంది. లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా ముందే ఉంటే లాక్టిక్ ఆమ్లం పుట్టించి దాన్ని అణుస్తుంది, పేగు గోడను కాపాడే ఐజీఏ రకం యాంటీబాడీలు పెరగడానికీ తోడ్పడుతుంది. అందుకే వానాకాలపు ఈతను నాలుగు వారాలకే విడదీసే తొందర వద్దు. ఆరు వారాలు దాటనివ్వండి.

మొదలు తల్లి దగ్గర. పిల్ల కడుపులోకి తొలి బ్యాక్టీరియా చేరేది ఎక్కువగా తల్లి చర్మం, పేడ నుంచే. ఈనడానికి రెండు వారాల ముందు నుంచి తల్లి దాణాలో పొడి కలపండి. పిల్లలు రెండో వారంలో దాణాలో మూతి పెట్టి చూడటం మొదలుపెట్టాక దానిలోనూ కలిపి, పాలు మాన్పించాక ఇంకో రెండు వారాలు ఆపకండి. ఈ బ్యాక్టీరియా పేగులో శాశ్వతంగా కాపురం పెట్టదు. ఇవ్వడం ఆపితే కొద్ది రోజుల్లో బయటికి పోతుంది. ప్యాకెట్ మీద గ్రాముకు ఎన్ని కోట్ల సజీవ కణాలో, గడువు ఎప్పటిదాకానో చదవండి. సాధారణంగా కిలో దాణాకు నూరు కోట్లు పడేలా కలుపుతారు.

తెచ్చిన పొడిని మన చేతులతోనే చంపేస్తున్నాం, నన్నడిగితే అసలు నష్టం అక్కడే. పొగలు కక్కే గంజిలో కలిపితే లాక్టోబాసిల్లస్ చచ్చిపోతుంది. గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. బ్లీచింగ్ వేసిన నీళ్లలో కలిపినా అంతే. వానాకాలంలో బావి నీళ్లకు బ్లీచింగ్ తప్పదు గనుక పొడిని దాణాలోనే వేయండి. విశాఖ గాలిలో ఉప్పు చెమ్మ ఎక్కువ, విప్పిన ప్యాకెట్ వారంలో గడ్డకడుతుంది. బిగుతు డబ్బాలో, చల్లటి చోట ఉంచండి. ఫ్రిజ్ లేనివాళ్లకు బాసిల్లస్ సబ్టిలిస్ రకం మేలు, అది విత్తనంలా నిద్రపోతూ వేడినీ, తేమనూ తట్టుకుంటుంది. పెరుగు, మజ్జిగ పోయడం మంచిదే గానీ పొడికి అది బదులు కాదు. యాంటీబయోటిక్ నడుస్తుండగా పొడి ఇవ్వాలా, ఎంత ఎడం ఉంచాలా అన్నది పశువైద్యుణ్ణి అడగండి. సొంతంగా కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ జోలికి మాత్రం పోకండి, పశువులకు దాన్ని వాడరాదని 2019లోనే కేంద్రం నిషేధించింది.

వేరుశనగ చెక్క, మొక్కజొన్న తడిస్తే బూజు పడతాయి. ఆ విషం పేగును, రోగనిరోధక శక్తిని రెంటినీ దెబ్బతీస్తుంది. బూజు వాసన వచ్చిన బస్తాను ప్రోబయోటిక్ కలిపి సరిచేద్దామనుకోవద్దు. గోతిలో పూడ్చేయండి. హోటల్ వ్యర్థాలు పెట్టేవాళ్లు వాటిని బాగా మరగబెట్టి, చల్లార్చాకే పెట్టాలి, మరగబెట్టని వ్యర్థాల నుంచి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల ప్రాణాంతక వైరస్ జబ్బు రావచ్చు. దానికి మన దగ్గర టీకా లేదు.

పాలు మాన్పించిన రోజునే కొత్త దాణా, టీకా, గది మార్పు అన్నీ నెత్తిన వేయకండి. ముందు తల్లిని వేరుచేసి, పిల్లల్ని నాలుగైదు రోజులు అదే గదిలో ఉంచండి. గచ్చు పొడిగా ఉండాలి, గాలి సూటిగా తగలకూడదు. అక్టోబరు తుపానుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2014 హుద్‌హుద్‌కు కరెంటు రోజుల తరబడి రాలేదు. పిల్లలకు వెచ్చదనం ఇచ్చే బల్బు వెలగని రాత్రికి ఎండుగడ్డి పరుపు ముందే సిద్ధం చేసుకోండి.

అయినా పారుడు పడితే ఉప్పూ పంచదార కలిపిన శుభ్రమైన నీళ్లు ముందు పెట్టి, ఆ పిల్లను వేరు చేయండి. పేడలో రక్తం పడినా, పిల్ల కళ్లు లోపలికి పోయినా, పెద్ద పందులకు కూడా జ్వరం వచ్చి చెవులు నీలంగా మారినా ఆ రోజే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చి చూసేదాకా ఒక్క పందినీ అమ్మకండి, కోయకండి.