కెమెరాలో కనిపించే ఫోటోలు కంప్యూటర్‌లో ఎందుకు కనిపించవు? మెమరీ కార్డుల సమస్యలు, పరిష్కారాలు

పాడైపోయాయని పక్కన పడేసే మెమరీ కార్డుల్లో చాలావాటికి ఏ లోపమూ ఉండదు. కార్డు ఒక తరానిది, దాన్ని చదవవలసిన కెమెరా గానీ రీడర్ (కార్డును కంప్యూటర్‌కు కలిపే పరికరం) గానీ అంతకు ముందు తరానిది కావడమే అసలు కారణం. రెండింటి మీదా ఉన్న గుర్తులను ఒకసారి చదివితే తేలిపోయే ఈ విషయాన్ని వదిలేసి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టేవారే ఎక్కువ. దయచేసి ఆ క్రమాన్ని తిరగేయండి. ముందు గుర్తులు చదవండి, మిగతావన్నీ తర్వాత.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో తెలిస్తే కారణం పట్టుకోవడం తేలిక. 1994లో వచ్చిన కాంపాక్ట్‌ఫ్లాష్, 1995 నాటి స్మార్ట్‌మీడియా, 1998లో సోనీ తెచ్చిన మెమరీ స్టిక్, 2002లో ఒలింపస్, ఫుజీఫిల్మ్ కలిసి ప్రవేశపెట్టిన ఎక్స్‌డీ పిక్చర్ కార్డు ఆకారంలోనే వేరువేరుగా ఉండేవి. ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు కాబట్టి పొరపాటుకు తావు తక్కువ. శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా కలిసి 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డుతో పరిస్థితి మారింది. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ ఆకారం అలాగే నిలిచిపోయింది, లోపలి పద్ధతి మాత్రం మారుతూ వచ్చింది. 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ, 2006 నుంచి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ, 2009 నుంచి 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ, 2018 నుంచి 128 టీబీ వరకు ఎస్‌డీయూసీ. కొత్త తరం పరికరం పాత కార్డును చదువుతుంది, పాత తరం పరికరం కొత్త కార్డును చదువుతుందన్న హామీ మాత్రం లేదు. అయినా కార్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

లక్షణం: ఫోటోలు కెమెరాలో కనిపిస్తున్నాయి, కంప్యూటర్ మాత్రం కార్డును ఫార్మాట్ చేయమంటోంది

అన్నిటికంటే ఎక్కువ ఫోటోలను పోగొట్టేది ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెప్పాలి. కార్డును కెమెరా నుంచి తీసి రీడర్‌లో పెడతారు. డ్రైవ్ పేరు కనిపిస్తుంది. తెరవబోతే, ఈ డిస్క్‌ను ఉపయోగించే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. ఆ వాక్యం చదివినవారికి కార్డు పాడైందనే అనిపిస్తుంది. కానీ దాని అర్థం, కార్డు మీద ఉన్న ఫైల్ వ్యవస్థ, అంటే ఫైళ్లను అమర్చిన పద్ధతి, ఈ కంప్యూటర్‌కు అర్థం కాలేదు అనేంతవరకే. ఫోటోలు ఉన్నాయో లేవో అది చెప్పడం లేదు. అక్కడ "సరే" నొక్కకూడదు. కార్డును సురక్షితంగా తీసి, తిరిగి కెమెరాలో పెట్టి, ఫోటోలు వరుసగా చూడండి. నాలుగైదు ఫోటోలను పెద్దవి చేసి కూడా చూడండి, ఎందుకంటే కెమెరా తెర మీద మొదట కనిపించేది ఫైల్‌లో దాచిన చిన్న నమూనా బొమ్మ కావచ్చు. అన్నీ సరిగా తెరుచుకుంటే కార్డు ఆరోగ్యంగా ఉన్నట్టే. లోపం మధ్యలో ఉన్న రీడర్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఉంది.

కెమెరాలో ఉన్న ఫోటోలు కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడానికి రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి. బయటికి దాదాపు ఒకేలా కనిపించడం వల్ల అనుభవం ఉన్నవారు కూడా ఒకదాన్ని మరొకటిగా పొరబడుతుంటారు.

మొదటిది రీడర్ వయసు. మామూలు ఎస్‌డీ కార్డులో సమాచారం ఎక్కడుందో బైట్ల లెక్కన చెబుతారు. 32 బిట్లలో ఇమిడే అతి పెద్ద బైట్ల లెక్క 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. అందుకే ఎస్‌డీహెచ్‌సీలో ఆ లెక్కను 512 బైట్ల బ్లాకులకు మార్చారు. కార్డును మేల్కొలిపేటప్పుడు, పెద్ద కార్డులు తనకు అర్థమవుతాయని రీడర్ ముందుగా తెలియజేయాలి. 2006కు ముందు తయారైన రీడర్‌కు ఆ పద్ధతే తెలియదు కాబట్టి అది ఏమీ చెప్పదు. చెప్పని రీడర్‌కు ఎస్‌డీహెచ్‌సీ కార్డు సిద్ధంగా ఉన్నానని ఎప్పటికీ జవాబివ్వదు. ఫలితంగా డ్రైవ్ గుర్తు కనిపించినా, డిస్క్ పెట్టండి అన్న సందేశమే వస్తుంది. ఈ లోపం కార్డులో లేదు, ఏ డ్రైవర్ వేసినా పోదు, ఎందుకంటే అది రీడర్ లోపలి చిప్‌లో ఉంది. రీడర్ అడుగున చూడండి. అక్కడ ఎస్‌డీ గుర్తు ఒక్కటే ఉండి, దాని కింద హెచ్‌సీ గానీ ఎక్స్‌సీ గానీ లేకపోతే రీడర్‌ను మార్చడమే పరిష్కారం.

రెండో కారణం ఇంకా మోసపూరితమైనది. ఎస్‌డీహెచ్‌సీ కాలపు రీడర్ చాలాసార్లు ఎస్‌డీఎక్స్‌సీ కార్డును కూడా మేల్కొలపగలదు, బ్లాకులను చదవగలదు. ఇక్కడ అడ్డుపడేది ఫైల్ వ్యవస్థ. ఎస్‌డీహెచ్‌సీకి ఫ్యాట్32 ప్రమాణం, ఎస్‌డీఎక్స్‌సీకి ఎక్స్‌ఫ్యాట్ ప్రమాణం. 64 జీబీ కార్డును కొత్త కెమెరాలో ఫార్మాట్ చేస్తే అది ఎక్స్‌ఫ్యాట్‌గానే తయారవుతుంది. విండోస్ ఎక్స్‌పీకి ప్రత్యేకంగా అప్‌డేట్ వేస్తే తప్ప ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు. మ్యాక్‌లకు 10.6.5 నుంచి, లినక్స్ కెర్నల్‌కు 5.4 నుంచి ఆ సామర్థ్యం సొంతంగా వచ్చింది. ఈ రోజు వాడుతున్న కంప్యూటర్లలో చాలావాటికి ఇది సమస్య కాదు. కానీ ఫోటోలు చూడటానికి కార్డును నేరుగా పెట్టే పాత టీవీలు, ప్రింటర్లు, ప్రయాణాల్లో బ్యాకప్‌కు వాడే పాత నిల్వ పెట్టెలు ఇప్పటికీ ఫ్యాట్32 దగ్గరే ఆగిపోయి ఉంటాయి. అలాంటి పరికరం కార్డు ఖాళీగా ఉందని చూపినా, ఫార్మాట్ చేయమన్నా దాని మాట నమ్మకండి.

ఇప్పుడు పరిష్కారం. ఫోటోలు వెంటనే కావాలంటే రీడర్‌ను పక్కన పెట్టి, కార్డును కెమెరాలోనే ఉంచి, కెమెరాను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలపండి. ఈ దారిలో కార్డును చదివేది కెమెరా. అది ఫైళ్లను ఒక్కొక్కటిగా కంప్యూటర్‌కు అందిస్తుంది కాబట్టి, కంప్యూటర్‌కు కార్డు తరం గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ తెలియవలసిన పనే లేదు. వేగం తక్కువైనా నమ్మకమైన దారి ఇది. నింపిన బ్యాటరీతో మొదలుపెట్టండి. ఫైళ్లను తరలించకుండా కాపీ మాత్రమే చేయండి. కాపీ అయినవాటిని కంప్యూటర్‌లో తెరిచి చూశాకే కార్డు జోలికి వెళ్లండి. ఆ తర్వాత ఎస్‌డీఎక్స్‌సీ గుర్తున్న రీడర్ ఒకటి తెచ్చుకుంటే, పాత కార్డులు కూడా అందులోనే పనిచేస్తాయి.

ఒకవేళ ఇప్పటికే "సరే" నొక్కి ఉంటే కంగారు పడకండి, కానీ ఆ కార్డు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. త్వరిత ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. ఫోటోల సమాచారం దాని మీద మరొకటి రాసేవరకు అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ లాంటి ఉచిత సాధనంతో చదివించి, దొరికినవాటిని వేరే డిస్క్‌లో భద్రపరచండి, అదే కార్డు మీదకు తిరిగి రాయకండి. త్వరిత ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం ఆశ తక్కువ, ఎందుకంటే విస్టా నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్‌లో కార్డంతటా సున్నాలు రాస్తుంది.

లక్షణం: పాత కెమెరా కొత్త కార్డును అసలు తీసుకోవడం లేదు

ఇదీ పై జబ్బే, కాకపోతే ఈసారి పాతది కెమెరా. కార్డు మీది అక్షరాలను కెమెరా మాన్యువల్‌లో రాసిన వాటితో పోల్చండి. మాన్యువల్‌లో ఎస్‌డీ అని మాత్రమే ఉంటే 2 జీబీ, అంతకంటే చిన్న కార్డు కావాలి. ఎస్‌డీహెచ్‌సీ వరకు ఉంటే 32 జీబీ దాటకండి. 64 జీబీ కార్డును కంప్యూటర్‌లో ఫ్యాట్32గా మార్చి పాత కెమెరాలో వాడవచ్చన్న సలహా తరచూ వినిపిస్తుంది. కొన్ని కెమెరాల్లో అది పనిచేసే మాట నిజమే. కానీ ఆ కెమెరా తయారైనప్పుడు ఎవరూ పరీక్షించని జంట అది, మళ్లీ తీయలేని సందర్భాల ఫోటోలను దానికి అప్పగించడం నాకు సమ్మతం కాదు. చిన్న కార్డు రెండు కొనుక్కోవడమే మేలు. ఏ కార్డునైనా చివరి ఫార్మాట్ కెమెరాలోనే చేయండి. కంప్యూటర్‌లో చేయక తప్పకపోతే, ఎస్‌డీ అసోసియేషన్ ఉచితంగా ఇచ్చే ఫార్మాటర్‌ను వాడండి, అది కార్డు తరానికి తగిన ఫైల్ వ్యవస్థను తానే ఎంచుకుంటుంది.

లక్షణం: కార్డు లాక్ అయిందని వస్తోంది

ఎడమ అంచున ఉన్న చిన్న మీటను పైకి, అంటే వెనక లోహపు పట్టీలు (కాంటాక్టులు) ఉన్న వైపుకు జరపండి. ఆ మీట కార్డు లోపలి దేనికీ కలిసి ఉండదు, దాని స్థానాన్ని గమనించేది స్లాట్ లోపలి స్పర్శ మీట. అందుకే మీట ఊడిపోయిన కార్డు ఎప్పుడూ లాక్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆ గాడి మీద పలుచని టేపు ముక్క అంటిస్తే తాత్కాలికంగా తెరుచుకుంటుంది. ఫోటోలు కాపీ చేసుకుని ఆ కార్డును విశ్రాంతికి పంపండి, టేపు కెమెరా లోపల ఊడితే కొత్త సమస్య మొదలవుతుంది.

లక్షణం: వీడియో కొన్ని క్షణాలకే ఆగిపోతోంది

కార్డు మీద పెద్దగా ముద్రించిన అంకె చదివే వేగాన్ని చెబుతుంది. వీడియోకు కావలసింది నిలకడగా రాయగల కనీస వేగం, అది వీ అక్షరం పక్కన చిన్నగా ఉంటుంది. వీ30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు. మీ కెమెరా సెకనుకు 400 మెగాబిట్ల వీడియో తీస్తుంటే, 8తో భాగించండి, 50 మెగాబైట్లు వస్తుంది. అంటే వీ60 కార్డు కావాలి. కార్డు వెనక కాంటాక్టులు ఒకే వరుసలో ఉంటే అది యూహెచ్ఎస్-1 (కార్డు సమాచారం పంపే వేగపు తరం) గానీ అంతకంటే పాతది గానీ, యూహెచ్ఎస్-1కు ప్రమాణం ప్రకారం గరిష్ఠం సెకనుకు 104 మెగాబైట్లు. రెండు వరుసలు ఉంటే యూహెచ్ఎస్-2, గరిష్ఠం 312. రెండు వరుసల కార్డు ఒక వరుస స్లాట్‌లో కూడా పనిచేస్తుంది, కానీ నెమ్మదిగా. కొత్త కార్డు కొన్నా వేగం పెరగలేదని వాపోయేవారు ముందు తమ కెమెరా స్లాట్ ఏ తరానిదో చూసుకోవాలి.

లక్షణం: ఎక్స్‌క్యూడీ స్లాట్‌లో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు సరిగ్గా పట్టింది, కెమెరా గుర్తించడం లేదు

ఎక్స్‌క్యూడీ, సీఎఫ్ఎక్స్‌ప్రెస్ రెండూ ఎస్‌డీ కాని వేరే రకం కార్డులు. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బి కార్డు ఎక్స్‌క్యూడీ ఆకారాన్నే తీసుకుంది, కానీ మాట్లాడే పద్ధతి వేరు. నికాన్ జెడ్6, జెడ్7 కెమెరాలకు 2019 డిసెంబరులో వచ్చిన ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్)తోనే సీఎఫ్ఎక్స్‌ప్రెస్ పనిచేయడం మొదలైంది, డి5, డి500, డి850లకు ఆ వెసులుబాటు ఆ తర్వాత వచ్చింది. కాబట్టి కార్డును తిట్టే ముందు కెమెరా ఫర్మ్‌వేర్ సంఖ్య చూడండి. రీడర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎక్స్‌క్యూడీ రీడర్ కొత్త కార్డును చదవదు, సీఎఫ్ఎక్స్‌ప్రెస్ రీడర్లలో చాలావరకు పాత ఎక్స్‌క్యూడీ కార్డును చదవవు. కొనేముందు పెట్టె మీద రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. టైప్ ఎ కార్డు ఇంకా చిన్నది, టైప్ బి స్లాట్‌కు సరిపోదు.

కాంపాక్ట్‌ఫ్లాష్‌కూ సీఫాస్ట్ అనే మరో రకం కార్డుకూ మధ్య పోలిక ఇంతకంటే ప్రమాదకరం. 2016 నాటి కెనాన్ 1డి ఎక్స్ మార్క్ 2లో ఈ రెండు స్లాట్లూ పక్కపక్కనే ఉంటాయి, కార్డులు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు అంచున 50 రంధ్రాలు కనిపిస్తాయి, సీఫాస్ట్ అంచున బల్లపరుపు కాంటాక్టులు ఉంటాయి. తేలిగ్గా లోపలికి వెళ్లని కార్డును బలంగా నొక్కితే స్లాట్‌లోని పిన్నులు వంగిపోతాయి, ఆ మరమ్మతు కొత్త కార్డు కంటే ఖరీదు.

అరుదైనవి

మైక్రో ఎస్‌డీ కార్డును అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నప్పుడు కార్డు మధ్యమధ్యలో మాయమవుతుంటే అడాప్టర్‌ను మార్చండి, కార్డు జోలికి వెళ్లకండి. 4 జీబీ దగ్గర వీడియో రెండు ఫైళ్లుగా తెగితే అది ఫ్యాట్32 పరిమితి, లోపం కాదు. స్మార్ట్‌మీడియాలో 5 వోల్టుల రకం, 3.3 వోల్టుల రకం వేరువేరు, మూలన కోసిన గుర్తు ఏ వైపు ఉందో చూస్తే తెలుస్తుంది. కొంతవరకు నింపాక ఫైళ్లు చెడిపోతుంటే, ముద్రించిన సామర్థ్యం లేని నకిలీ కార్డు కావచ్చు. ఖాళీ కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివించి పోల్చే పరీక్ష సాధనంతో అది బయటపడుతుంది. కెమెరా, సరైన తరం రీడర్, మరో కెమెరా మూడూ గుర్తించని కార్డు మాత్రం నిజంగానే చనిపోయినట్టు. అందులో విలువైనవి ఉంటే మళ్లీ మళ్లీ పెట్టి తీయకుండా, చిప్‌ను నేరుగా చదవగల డేటా రికవరీ నిపుణులకు ఇవ్వండి.