ఒంటరిగా కారులో దీవి చుట్టేస్తున్నారా? ఏ వైపు నుంచి మొదలుపెట్టాలంటే...

ఎడమవైపు నడిపే దేశంలో అయితే దీవిని గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టండి. సముద్రం ఎప్పుడూ మీ పక్కనే ఉంటుంది. నచ్చిన చోట ఎదురు బండ్లకు అడ్డం పడకుండా పక్కకు తీసి ఆపుకోవచ్చు. కుడివైపు నడిపే చోట దీనికి రివర్స్. ఒక్కరే వెళ్తే ఇది ఇంకా అవసరం, పక్క సీట్లోంచి "అదిగో, ఆపు ఆపు" అనేవాళ్లు ఉండరు కదా!

సన్నటి రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే, వెడల్పున్న చోట ఆగి దారివ్వండి. గడ్డి మీదకు దింపారంటే, వాన పడిన నేలలో టైరు కూరుకుపోవచ్చు. పెట్రోలు, ఆఫ్‌లైన్ మ్యాప్ ఫెర్రీ ఎక్కకముందే చూసుకోండి. తిరుగు ఫెర్రీల టైములున్న బోర్డును దిగగానే ఫొటో తీసుకుంటే సాయంత్రం టెన్షన్ ఉండదు.