ఎకినేషియా టింక్చర్: సీసా చూసి సమస్య పట్టుకోవడం

హనుమకొండలో మా డాబా మీద రెండు కుండీల్లో ఎకినేషియా పెంచుతున్నాను. ఉత్తర అమెరికా మొక్క కాబట్టి మన మే నెల ఎండకు నీడలోకి జరపాల్సిందే. జలుబు మొదలైనప్పుడు దీని టింక్చర్, అంటే మొక్కను ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టిన ద్రవం, వాడతారు. జలుబును తప్పకుండా తగ్గిస్తుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. అయినా చేసేది శుభ్రంగా చేయాలి.

సమస్య: పైన బూజు

పోయిన వానాకాలం నా సీసాకు ఇదే జరిగింది. మూత తీస్తే పైకి తేలిన ఆకు కొస మీద బూడిదరంగు నూగు, తడిసిన గోనెసంచి వాసన. కారణం నీళ్లు. పచ్చి మొక్క బరువులో ముప్పావు వంతు నీరే ఉంటుంది. మన దగ్గర దొరికే వోడ్కాలో ఆల్కహాల్ 42.8 శాతం. అర లీటరు వోడ్కాలో అర కిలో పచ్చి మొక్క వేస్తే అది 25 శాతం దగ్గరకు పడిపోతుంది. దానికి తోడు ఆకు పైకి తేలితే బూజు రాక ఏం చేస్తుంది?

బూజు తీసేసి వాడుకుందాం అనుకోవద్దు, మొత్తం పారబోయండి. ఈసారి ఫ్యాను కింద, నీడలో, వేరు పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టండి. 100 గ్రాముల ఎండు వేరుకు 500 మిల్లీలీటర్ల వోడ్కా. ముక్కలన్నీ మునగాలి. రోజూ ఒకసారి ఊపుతూ 4 నుంచి 6 వారాలు చీకట్లో ఉంచి, నూలు గుడ్డలో వడకట్టండి.

కల్లులో వేయొచ్చా అని కొందరు అడుగుతారు. వద్దు. అది రోజుల్లోనే పులిసిపోతుంది. శానిటైజర్, స్పిరిట్ అయితే విషమే.

సమస్య: అడుగున తెల్లటి మడ్డి

టెన్షన్ పడకండి. వేరులో ఉండే ఇనులిన్ అనే పిండిలాంటి పదార్థం ఆల్కహాల్‌లో కరగక కిందికి దిగుతుంది. పైన తేరుకున్నది వంపుకుంటే చాలు.

సమస్య: నాలుక చిమచిమలాడడం లేదు

అక్కలకర్ర నమిలినప్పటి చిమచిమ తెలుసుగా? మంచి ఎకినేషియా వేరు టింక్చర్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి నోట్లో వేసుకున్నా అలాంటిదే రావాలి. ఆ గుణం వేరులో ఉండే ఆల్కమైడ్లు అనే పదార్థాలది. రాలేదంటే వేరు పాతదై ఉండాలి, లేదా మండుటెండలో ఎండబెట్టి ఉండాలి. పాత పొడితోనూ అంతే. నేనైతే పొడి కొననే కొనను. వేరు ముక్కలే తీసుకుంటాను, కొనేముందు ఒకటి కొరికి చూస్తాను.

సమస్య: సీసాలో మట్టం తగ్గింది, మూత తుప్పు పట్టింది

వేసవిలో మూత వదులుగా ఉంటే ఆల్కహాల్ ఆవిరైపోతుంది. గాజు సీసా, గట్టి ప్లాస్టిక్ మూత వాడండి.

సమస్య: తాగాక దద్దుర్లు, గొంతులో దురద

వెంటనే ఆపేయండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామది, ఎకినేషియాది ఒకటే కుటుంబం. వయ్యారిభామ తగిలితే ఒళ్లు దురదలు పెట్టేవాళ్లు దీని జోలికే పోవద్దు. గర్భిణులకు, పిల్లలకు ఇవ్వకండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగందే ఒక్క చుక్క కూడా తీసుకోకూడదు.