స్వేచ్ఛా పటాలు – ఐదో పాఠం: పక్క సీటులోని మనిషికి చూపించడం

గత నాలుగు పాఠాల్లో మీరు పటాలు తయారు చేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లో ఎక్కించుకున్నారు, లేయర్లు (పటంలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) తెరిచారు, రంగులు వేశారు, ఒక పటాన్ని కాగితం మీదికి తెచ్చారు. నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం, అంటే మీ కాలనీ పటాన్ని ప్రింట్ లేఅవుట్‌లో తయారు చేయడం పూర్తి కాకపోతే ముందు అది చేయండి. ఈ పాఠానికి ఆ చేతి అలవాటు కావాలి. ఎందుకంటే ఈసారి మీరు నేర్చుకునేది ఇంకొకరికి నేర్పడం. అవతలి మనిషి కూడా కొత్తవాడు కాదు. పదేళ్లుగా ఆర్క్‌మ్యాప్‌తోనో ఇంకో కొనుగోలు సాఫ్ట్‌వేర్‌తోనో పని చేస్తూ, అందులో చెయ్యి తిరిగినవాడు.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు తప్పు దారిలో మొదలుపెట్టాను. అప్పుడు పని చేసిన కార్యాలయంలో పన్నెండు మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, లైసెన్సుల ఖర్చు లెక్క తెర మీద వేసి, ఇన్ని లక్షలు మిగులుతాయని చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. మర్నాడు అందరూ పాత సాఫ్ట్‌వేర్‌నే తెరిచారు. ఆ లక్షలు వాళ్ల జేబులోవి కావు కదా. వాళ్ల బాధ వేరు: సాయంత్రం లోపు ఇవ్వాల్సిన పటం, మొరాయిస్తున్న ఫైలు, ఒక్క లైసెన్సు కోసం ఇద్దరు వంతులు వేసుకోవడం. ఆరు నెలల తర్వాత ఒకే ఒక్క సహోద్యోగి పక్కన కూర్చుని, ఆమె ఫైలుతోనే, ఆమెకు విసుగు పుట్టించే ఒకే పనిని చేసి చూపించాను. ఆమె నేర్చుకుంది. తర్వాత మిగతావాళ్లకు చూపించింది ఆమే.

అందుకే ఈ పాఠంలో మొదటి మెట్టు: ఒక్క మనిషిని, ఒక్క పనిని ఎంచుకోండి. వారం రోజులు గమనించండి. ఆ మనిషి ఏ పనిని మళ్లీ మళ్లీ చేస్తున్నారు? ఎక్కడ నిట్టూరుస్తున్నారు? “మేడమ్, ఈ పని మీకు రోజూ ఎంతసేపు పడుతుంది?” అని అడగండి. జవాబు విన్నాక కూడా వెంటనే క్యూజీఐఎస్ పేరు ఎత్తకండి. ఆ ఫైలు నకలు ఒకటి అడిగి తీసుకోండి. ఇంటికి వెళ్లి మీరే రెండుసార్లు చేసి చూసుకోండి. అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోవద్దు.

ఇక మాట గురించి. తెలుగులో మనకు ఒక అదృష్టం ఉంది: ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’ వేర్వేరు మాటలు. “ఇది ఉచితం సార్” అనగానే వినేవాళ్ల మనసులో దాని విలువ సగం పడిపోతుంది. ఊరికే వచ్చినది ఊరికే పోతుందన్న అనుమానం మనవాళ్లకు సహజం. “ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్” అని మొదలుపెట్టి, దాని అర్థం వాళ్ల పనిలోంచే చెప్పండి: ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, ఇంట్లోనూ ఆఫీసులోనూ వాడుకోవచ్చు, గడువు తీరదు, లోపలి కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. జీపీఎల్ అనే లైసెన్సు ఇచ్చే హక్కులు ఇవి. కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌ను చదువు పూర్తయిన మర్నాడు తెరవలేకపోయిన పిల్లలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

“రేపు ఇది ఉంటుందా?” అని తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, నిజాయతీగా జవాబు చెప్పండి. గ్యారీ షెర్మన్ 2002లో అలాస్కాలో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆగకుండా నడుస్తోంది. దీని అడుగున ఫైళ్లను చదివే పని చేసే జీడాల్ అనే లైబ్రరీ అంతకంటే పాతది. అదే జీడాల్‌ను ఆర్క్‌జీఐఎస్ (ఆర్క్‌మ్యాప్ అందులో ఒక భాగం) కూడా తన లోపల వాడుకుంటోంది. వాళ్లు ఇప్పటికే ఓపెన్ సోర్స్ (లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడి ఉన్నారన్నమాట. ఇంకో వైపు, ఆర్క్‌మ్యాప్‌కు మద్దతు ఇవ్వడానికి 2026 మార్చి 1ని ఆఖరి తేదీగా దాన్ని తయారు చేసిన ఎస్రి సంస్థే ప్రకటించింది. ఆర్క్‌మ్యాప్‌నే నమ్ముకున్నవాళ్లు ఎలాగూ కొత్త తెర ఒకటి నేర్చుకోవాల్సిందే. అయితే ఈ మాటను బెదిరింపుగా వాడకండి. వాళ్లు అడిగితేనే చెప్పండి.

ఇప్పుడు అసలు అభ్యాసం. హైదరాబాద్‌లో పటాల పని చేసే ఎవరికైనా తెలిసిన సమస్యనే తీసుకుందాం: చెరువుల చుట్టూ బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన పట్టీ. మన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. చాలామంది దీన్ని రెండు విడతలుగా చేస్తారు. పెద్ద చెరువులను ఎంచి ఒక బఫర్, చిన్నవాటిని ఎంచి ఇంకో బఫర్, తర్వాత రెండింటినీ కలపడం. క్యూజీఐఎస్‌లో ఒక్క విడత చాలు.

సాధన కోసం, అందరూ కలిసి గీసే స్వేచ్ఛా పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి క్విక్‌ఓఎస్ఎం అనే ప్లగిన్‌తో (క్యూజీఐఎస్‌కు అదనంగా తగిలించుకునే పరికరం) చెరువుల హద్దులు దించుకోండి. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉండేది నీటి అంచు, ఎవరో ఉపగ్రహ చిత్రం చూసి గీసినది. అది ఎఫ్‌టీఎల్ కాదు. ఎండాకాలంలో తీసిన చిత్రమైతే చెరువు చిన్నదిగా కనిపిస్తుంది. ఆ గీతతో ఎవరి ఇల్లు లోపల, ఎవరి ఇల్లు బయట అని తేల్చకూడదు. అలాంటి పనికి అధికారిక సర్వే పటమే ఆధారం. మనం ఇక్కడ చేతికి పని నేర్పుతున్నాం, అంతే.

దించిన లేయరు డిగ్రీల్లో ఉంటుంది, అంటే అక్షాంశ రేఖాంశాల్లో. అలాగే ఉంచి బఫర్‌కు 30 అని ఇస్తే 30 మీటర్లు రావు, 30 డిగ్రీలు వస్తాయి. హైదరాబాద్ చెరువు బఫర్ పడమట యెమెన్ నుంచి తూర్పున వియత్నాం తీరం దాకా పరుచుకుంటుంది. దూరం అడిగే గడి పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు కనిపించేది ఇందుకే. మీ సహోద్యోగికి ఈ తప్పును ఒకసారి కావాలనే చేసి చూపించండి. ఇక మరిచిపోరు.

కాబట్టి ముందు ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో రీప్రాజెక్ట్ అని వెతికి, లేయరును యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ ఉత్తర జోన్‌లోకి మార్చండి. దాని ఈపీఎస్‌జీ సంఖ్య, అంటే ఇలాంటి పద్ధతులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, 32644. హైదరాబాద్‌కు ఇదే సరైనది. కానీ మన నగరం ఈ జోన్ అంచున ఉంది. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర 43వ జోన్ ముగిసి 44 మొదలవుతుంది. శంకర్‌పల్లి 44లో, వికారాబాద్ 43లో. మూసీ నది అనంతగిరి కొండల్లో 43వ జోన్‌లో పుట్టి, గీత దాటి 44లోకి వచ్చి మన ఊళ్లో ప్రవహిస్తుంది. మూసీ పరీవాహకం మొత్తం మీద పని చేసేవాళ్లు రెండు జోన్ల ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని గందరగోళపడటం సాధారణం. అలాంటివాళ్లు దొరికితే మీ పాఠానికి అంతకంటే మంచి విద్యార్థి ఉండరు. జోన్లు వేరైనా క్యూజీఐఎస్ రెండు లేయర్లనూ తెర మీద కలిపి చూపిస్తుంది. కొలిచే ముందు మాత్రం రెండింటినీ ఒకే జోన్‌లోకి తేవాలి.

తర్వాత బఫర్ పరికరాన్ని తెరవండి. దూరం గడి పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి, ఒక్కో చెరువుకు ఒక్కో దూరం వచ్చేలా సూత్రం రాయవచ్చు: వైశాల్యం లక్ష చదరపు మీటర్లకు తక్కువ కాకపోతే 30, లేకపోతే 9. పది హెక్టార్లంటే లక్ష చదరపు మీటర్లే కదా. దాని కింద సెగ్మెంట్లు అనే గడిలో మామూలుగా 5 ఉంటుంది. దాన్ని 25 చేయండి. 5తో మూలలు కోసినట్టు వస్తాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో గుండ్రని మూలలు చూసిన కన్ను దాన్ని వెంటనే పట్టుకుని, ఇది నాసిరకం అని తీర్పు చెప్పేస్తుంది.

ఇంకో అలవాటు తేడా ఉంది. ఆర్క్‌మ్యాప్‌లో కొన్ని చెరువులను ఎంచుకుని పరికరం నడిపితే అది ఎంచుకున్నవాటి మీదే పని చేస్తుంది. క్యూజీఐఎస్‌లో ‘ఎంచుకున్నవాటి మీదే’ అని చెప్పే చిన్న గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకపోతే మొత్తం లేయరు మీద పని చేస్తుంది. ఇది తెలియక “తప్పు ఫలితం ఇచ్చింది” అని ప్రయత్నం మానేసినవాళ్లను నేను చూశాను. పని మొదలుపెట్టే ముందే ఈ సంగతి చెప్పండి.

కొన్నిసార్లు పరికరం మధ్యలో ఆగి, ఫలానా బహుభుజి ఆకారం సరిగా లేదని చెబుతుంది. తనను తానే కోసుకున్న హద్దు గీత ఎక్కడో ఉందన్నమాట. ఫిక్స్ జామెట్రీస్ అనే పరికరాన్ని నడిపి ముందుకు వెళ్లండి. ఆగడం లోపం కాదని, చెడ్డ గీతతో లెక్క కట్టకుండా కాపాడిందని చెప్పండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. బఫర్ అయింది, మీ సహోద్యోగి తన పాత ఫలితాన్ని పక్కన పెట్టుకుని చెరువు వైశాల్యం పోల్చి చూస్తారు. వాళ్ల దగ్గర 100.1 ఎకరాలు. మీ దగ్గర 100 ఎకరాలు. “చూశారా, తేడా వస్తోంది” అంటారు. ఎకరంలో పదో వంతు అంటే నాలుగు గుంటలు, 484 చదరపు గజాలు. హైదరాబాద్‌లో అది చిన్న మాట కాదు. ఇక్కడ తడబడితే పాఠం అక్కడితో ముగిసినట్టే. కారణం తెలిసి ఉంటే నమ్మకం కుదిరేది కూడా ఇక్కడే.

కారణం ఇది. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరిచినప్పుడు ఎక్కడో ఒకచోట సాగుతుంది. 44వ జోన్ నడిమి రేఖ 81 డిగ్రీల దగ్గర ఉంది. హైదరాబాద్ దానికి రెండున్నర డిగ్రీలు పడమర. అంత దూరంలో పటం మీద కొలిచే ప్రతి కిలోమీటరూ నేల మీద ఉన్నదానికంటే సుమారు అర మీటరు ఎక్కువ చూపిస్తుంది. పొడవు రెండువేలలో ఒక వంతు పెరిగితే వైశాల్యం వెయ్యిలో ఒక వంతు పెరుగుతుంది. అంటే ఒక శాతంలో పదో వంతు. సరిగ్గా మీ ముందున్న తేడా అదే.

క్యూజీఐఎస్‌లో రెండు రకాల కొలతలూ ఉన్నాయి. సూత్రాల్లో డాలరు గుర్తుతో మొదలయ్యే ‘ఏరియా’ వాడితే, ప్రాజెక్టులో ఎంచిన దీర్ఘగోళాన్ని (భూమి ఆకారపు నమూనాను) బట్టి వంపు తిరిగిన భూమి మీద కొలుస్తుంది. ‘ఏరియా’ అని రాసి బ్రాకెట్లలో జామెట్రీని, అంటే ఆ ఆకారాన్ని, ఇస్తే చదునైన పటం మీద కొలుస్తుంది. మీ సహోద్యోగి పాత పద్ధతి చదునుది. ఇద్దరి ఎదుటా రెండో సూత్రం వేయండి, 100.1 వస్తుంది. మళ్లీ మొదటిది వేయండి, 100 వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ తప్పూ లేదు, అడిగిన ప్రశ్నలు వేరు. ఆ తర్వాత ఏ కొలత వాడాలన్నది కార్యాలయం నిర్ణయించుకోవాలి. ఏది ఎంచినా, అన్ని పత్రాల్లో అదే ఉండాలి. బఫర్ సూత్రంలోని లక్ష చదరపు మీటర్ల హద్దుకూ ఇది వర్తిస్తుంది. పది హెక్టార్ల అంచున ఉన్న చెరువు ఒక కొలతలో పెద్దది, ఇంకో కొలతలో చిన్నది కావచ్చు. అప్పుడు బఫర్ 30 మీటర్లా, 9 మీటర్లా అన్నది ఆ కొలత మీదే ఆధారపడుతుంది.

ఈ వివరం తెలిసిన రోజు నా సహోద్యోగి నోట్‌బుక్ తీసి రాసుకుంది. అన్నేళ్లుగా ఆమె వాడుతున్న అంకె ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

తెలుగు పేర్ల సంగతి కూడా చూసుకోండి. పటాల డేటాను దాచే పాత ఫార్మాట్ అయిన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌ను సాధారణంగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘చెరువు’ అనే మాటలో గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు. కాలమ్‌కు ‘చెరువు’ అని పేరు కూడా పెట్టుకోలేం! పరిమితి ఆ ఫార్మాట్‌దే, ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరిచినా అంతే. జియోప్యాకేజీ అనే కొత్త ఫార్మాట్‌లో భద్రపరిస్తే ఈ ఇబ్బంది ఉండదు, నాలుగైదు ముక్కల ఫైళ్ల బదులు ఒకే ఫైలు ఉంటుంది. తెరిచినప్పుడు అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపిస్తే లేయరు ప్రాపర్టీస్‌లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కు మార్చి చూడండి. అప్పటికీ మారకపోతే, పాత అను ఫాంట్లతో టైపు చేసిన పేర్లు అయి ఉండవచ్చు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లేనివాటిని లేవనే చెప్పండి. ఆర్క్‌మ్యాప్ ప్రాజెక్టు ఫైలు క్యూజీఐఎస్‌లో నేరుగా తెరుచుకోదు. ఆర్క్‌జీఐఎస్ డేటాను దాచే ఫైల్ జియోడేటాబేస్‌లోని లేయర్లు తెరుచుకుంటాయి, కానీ ఏళ్ల తరబడి తీర్చిదిద్దుకున్న రంగులు, గుర్తులు వాటితో పాటు రావు. ఒప్పందం ప్రకారం ఫోను ఎత్తి సాయం చేసే సంస్థ కావాలంటే దానికి విడిగా డబ్బు కట్టాలి. పాతదాన్ని తీసేయమని కూడా అడగకండి. రెండూ పక్కపక్కన ఉండనివ్వండి. ఒక చిన్న కాగితం మీద రెండు వైపుల పేర్లు రాసి తెర అంచున అంటించండి: డెఫినిషన్ క్వెరీకి ఇక్కడ ఫిల్టర్, ఆర్క్‌టూల్‌బాక్స్‌కు ప్రాసెసింగ్ టూల్‌బాక్స్, లేఅవుట్ వ్యూకు ప్రింట్ లేఅవుట్. మొదటి వారం ఆ కాగితమే సగం పని చేస్తుంది.

ఈ వారం అభ్యాసం: మీ ప్రాంతంలో మూడు చెరువులు ఎంచుకోండి. వాటిలో కనీసం ఒకటి పది హెక్టార్లకు దగ్గరగా ఉండాలి. రెండు సూత్రాలతోనూ వైశాల్యం కట్టి, తేడాను గుంటల్లో రాయండి. వికారాబాద్ వైపు ఒక చెరువును కూడా తీసుకుని, దాన్ని 43, 44 జోన్లు రెండింటిలోనూ కొలవండి. తర్వాత పక్క సీటులోని మనిషిని పిలిచి గంటసేపు కూర్చోబెట్టండి. మౌస్ మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి.

ఆ గంటలో వాళ్లు అడిగిన ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకోండి. ఆరో పాఠంలో, నెలనెలా చేసే ఒకే పనిని మోడల్ డిజైనర్‌తో ఒక్క నొక్కుడు పనిగా మార్చడం నేర్చుకుంటాం. అక్కడ మొదటి ఉదాహరణ ఆ జాబితాలోంచే తీసుకోవాలి.