సీఎంఎస్ ఎంచుకునే ముందు తెలుగు లింకు చూడండి

డేటాబేస్‌తో నడిచే సీఎంఎస్ (వెబ్‌సైట్‌లో పోస్టులు రాసి పెట్టుకునే సాఫ్ట్‌వేర్) వెతుకుతుంటే థీమ్‌లు చూసి మురిసిపోకండి. ముందు పొడుగాటి తెలుగు శీర్షికతో ఒక పోస్టు పెట్టి, దాని లింకు ఎలా వస్తుందో చూడండి. ఉదాహరణకి వర్డ్‌ప్రెస్‌లో లింకు పేరుకి డేటాబేస్ ఇచ్చే చోటు 200 క్యారెక్టర్లు. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు శాతం గుర్తుల (%) కోడ్‌గా మారి అక్కడ 9 క్యారెక్టర్లు తింటుంది. 'క్ష' (క, పొల్లు, ష) ఒక్కటే 27! అంటే మూడు నాలుగు మాటలకే లింకు తెగుతుంది. అందుకే లింకు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే టైప్ చేయండి, పోస్టు పబ్లిష్ చేయకముందే. తర్వాత మారిస్తే పాత లింకుల టెన్షన్ వేరే. అన్నట్టు, వర్డ్‌ప్రెస్‌లో బ్యాకప్‌కి డేటాబేస్ ఒక్కటే తీస్తే ఫోటోలు రావు. అవి విడిగా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటాయి.