లక్షణం ఒకటే, కారణాలు రెండు: గోదావరి డెల్టా చమురు, గ్యాస్ బావుల డ్రిల్లింగ్‌లో సమస్య - పరిష్కారం

రాజోలు, మలికిపురం, మండపేట, నరసాపురం వైపు రిగ్గుల మీద కొత్తగా పనికి చేరే మన కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: ఫలానా గేజి పడిపోతే ఏం చేయాలి? గేజి ఒక్కదాన్నే చూసి లివర్ మీద చెయ్యి వేయొద్దన్నదే నా మొదటి మాట. మూడు నాలుగు కిలోమీటర్ల లోతున జరిగేది మన కళ్లకు కనబడదు. పైకి తెలిసేది నాలుగైదు అంకెలు, షేకర్ అనే అదిరే జల్లెడ మీదికొచ్చే రాతి ముక్కలు, అంతే. పైగా ఒక్కో లక్షణం వెనక కనీసం రెండు కారణాలుంటాయి, ఒకదానికి మందు రెండోదానికి విషం. అందుకని ఇక్కడ పరిష్కారం కంటే ముందు ఆ రెండిటినీ ఎలా విడదీయాలో రాస్తున్నాను.

బిట్ దిగడం లేదు

గంటకు 10 మీటర్లు దిగుతున్న బిట్ (పైపు కొసన రాతిని కోసే పనిముట్టు) ఒక్కసారిగా మొరాయిస్తే చాలామంది చేసే పని బరువు పెంచడం. ఆగండి, ముందు టార్కు, అంటే పైపుని తిప్పడానికి పడుతున్న బలం, చూడండి. టార్కు తగ్గి, స్టాండ్‌పైప్ ప్రెషర్ (పంపు పైపులోకి తోసే ద్రవం ఒత్తిడి) కాస్త పెరిగిందంటే బిట్‌కి బంకమట్టి చుట్టుకుపోయినట్టే. నరసాపురం క్లేస్టోన్ లాంటి పొరల్లో ఈ గొడవ ఎదురవుతుంది, బరువు పెంచేకొద్దీ ఆ ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. బిట్‌ని అడుగు నుంచి లేపి, పంపు స్ట్రోకులూ ఆర్‌పీఎమ్మూ పెంచి కాసేపు కడగాలి. వదలకపోతే డిటర్జెంట్ పిల్ (కొద్ది మోతాదులో పంపే ప్రత్యేక మిశ్రమం) గానీ వాల్‌నట్ పొట్టు పిల్ గానీ పంపి, తక్కువ బరువుతో మళ్లీ మొదలుపెట్టాలి.

అలా కాక టార్కు ఎగిరెగిరి పడుతూ, డ్రిల్ ఫ్లోర్ కాళ్ల కింద అదురుతుంటే తగిలింది రాయి. పంగిడి క్వారీల్లో, రాజమండ్రి పక్కన కాటేరు దగ్గర పైకి కనబడే నల్లరాయే (బసాల్ట్) కోనసీమ కింద లోతుకు దిగిపోయింది, సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి లావా అది. కృత్రిమ వజ్రపు పళ్లున్న పీడీసీ బిట్ రాతిని గీకి కోస్తుంది, షేల్ (పొరలుపొరలుగా ఉండే బంకరాయి)లో దానికి సాటి లేదు, కానీ బసాల్ట్ దెబ్బలకు దాని వజ్రపు పళ్లు పెచ్చులూడిపోతాయి. ఈ పళ్లు 1970ల్లో వచ్చినవి. రాతిని నలిపి పగలగొట్టే రోలర్ కోన్ బిట్ అంతకంటే చాలా పాతది. పాత రెక్కల బిట్లు గట్టిరాయి మీద అరిగిపోతుంటే హోవార్డ్ హ్యూస్ సీనియర్ 1909లో రెండు కోన్ల బిట్‌కి పేటెంట్ పొందాడు, 1933లో మూడు కోన్ల బిట్ వచ్చింది. బసాల్ట్ ఎంత లోతున తగులుతుందో పక్క బావి లాగ్ (ఏ లోతున ఏ పొర ఉందో చూపే రికార్డు) చూసి ముందే గీత గీసి పెట్టుకోండి. ఆ లోతుకు చేరకముందే ఆర్‌పీఎం, బరువు తగ్గించుకుని దిగితే బిట్ బతుకుతుంది.

పైపు కదలడం లేదు

డబ్బూ, రోజులూ అన్నిటికంటే ఎక్కువ తినేసే సమస్య ఇది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మడ్ (పైపులోంచి దిగి, పైపుకీ బావి గోడకీ మధ్య సందులోంచి పైకి వచ్చే బురద లాంటి ద్రవం) తిరుగుతోందా?

తిరుగుతోంది, ప్రెషర్ మామూలుగానే ఉంది, పైపు మాత్రం పైకీ కిందకీ రాదు, తిరగదు, అదీ పైపు కాసేపు కదలకుండా ఆగి ఉన్నప్పుడు మొదలైంది. అయితే అది డిఫరెన్షియల్ స్టిక్కింగ్. ఇసుకరాయి పొర లోపలి ప్రెషర్ కంటే మడ్ ప్రెషర్ ఎక్కువ కావడంతో, పైపు బావి గోడ మీద మడ్ పేరుకున్న పొరలోకి, అంటే మడ్ కేక్‌లోకి నొక్కుకుపోతుంది, దమ్ము చేసిన మడిలో దిగబడ్డ కాలు లాగితే రానట్టు. దాని బలం ఎంతో లెక్క వేసి చూడండి. 3000 మీటర్ల దగ్గర పొరకి 1.05 వెయిట్ (నీటికి ఎన్ని రెట్ల బరువో) ఉన్న మడ్ సరిపోయేచోట మనం 1.20 వాడుతున్నామంటే తేడా చదరపు సెంటీమీటరుకు 45 కిలోలు. 8 సెంటీమీటర్ల వెడల్పున, 5 మీటర్ల పొడవున పైపు అంటుకుందంటే 180 టన్నులు నొక్కుతున్నట్టు. ఫ్రిక్షన్ 0.2 వేసుకున్నా పైపు బరువుకి తోడు ఇంకో 36 టన్నులు లాగాలి. గంటలు గడిచేకొద్దీ కేక్ మందమై, అంటుకున్న వెడల్పు పెరిగి ఆ అంకె ఎక్కడికో పోతుంది. అందుకే ఇక్కడ ఆలస్యం పనికిరాదు: టార్కు పట్టి ఉంచి పైపుని కిందికి వదలడం, కేక్‌ని కరిగించే స్పాటింగ్ ఫ్లూయిడ్‌ని సరిగ్గా ఆ లోతున నిలబెట్టడం, మిగతా పొరలు ఒప్పుకుంటే మడ్ వెయిట్ కాస్త దించడం. గోడకు తగిలే వైశాల్యం తగ్గాలనే డ్రిల్ కాలర్ల (బిట్ పైన ఉండే బరువైన మందపు పైపులు) మీద స్పైరల్ గాడులు వచ్చాయి, కాబట్టి నున్నటి కాలర్లు దింపబోతుంటే ఎందుకని అడగండి, మొహమాటపడకండి.

మడ్ తిరగడం లేదంటే కథ వేరు. రాతి ముక్కలో, కూలిన షేలో పైపు చుట్టూ కూరుకుపోయింది. ఇక్కడ పంపు ప్రెషర్ పెంచితే కింద పొర పగులుతుంది, గట్టిగా పైకి లాగితే ముద్ద ఇంకా బిగుస్తుంది. ప్రెషర్ వదిలేసి, చాలా తక్కువ స్ట్రోకులతో సర్క్యులేషన్ మెల్లగా తెచ్చుకోవాలి. జార్ (ఇరుక్కున్న పైపుని సుత్తిలా కొట్టే పనిముట్టు) ఎటు కొట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది: పైకి లాగుతుండగా ఇరుక్కుంటే కిందికి, దింపుతుండగా ఇరుక్కుంటే పైకి. కంగారులో దీన్ని తిరగేసి కొడితే బావి పోతుంది. ఫ్లోర్ దగ్గర నుంచి పైపుని తిప్పే కెల్లీ రోజుల్లో పైపు పైకి లాగుతుండగా తిప్పడానికీ, మడ్ పంపడానికీ వెంటనే వీలుండేది కాదు, 1980ల మొదట్లో వచ్చిన, పై నుంచే పైపుని తిప్పే టాప్‌డ్రైవ్ ఆ ఇబ్బంది తీర్చింది. టాప్‌డ్రైవ్ ఉంది కదా అని బిగుసుకున్న ప్రతిచోటా తిప్పుతూ లాగడం మాత్రం తప్పు, బావి శుభ్రంగా లేకపోతే ముందు ఆగి కడగాలి.

షేకర్ మీద పెద్ద పెద్ద ముక్కలు

దీన్ని దగ్గరగా చూడండి. గుప్పెడు ముక్కలు తీసుకుని నీళ్లలో కడిగి అరచేతిలో పెట్టుకోండి. బిట్ కోసిన ముక్క చిన్నగా, పంటి గీతతో ఉంటుంది. గోడ నుంచి ఊడిన ముక్క అంగుళం దాటి ఉంటుంది, దాని ఆకారమే జబ్బు పేరు చెబుతుంది.

పొడుగ్గా, సన్నగా, చివర్లు మొనదేలి, కాస్త వంపు తిరిగి ఉంటే షేల్ లోపల ప్రెషర్ మన మడ్ కంటే ఎక్కువగా ఉంది. వడపర్రు షేల్ ఇలాంటి అధిక ప్రెషర్‌కి పేరుపడ్డ పొర. పరిష్కారం మడ్ వెయిట్ పెంచడమే, నెమ్మదిగా, మెట్లు మెట్లుగా. పలకల్లా, రెండు వైపులా చదునుగా సమాంతరంగా ఉంటే ఆ రాతిలో ముందే పగుళ్లున్నాయి, వాటిలోకి మడ్ దూరి పలకల్ని విడదీస్తోంది. దీనికి వెయిట్ పెంచితే ఇంకా దూరుతుంది, ఇంకా రాలుతుంది. పగుళ్లు మూసే పదార్థం కలపాలి, ఫిల్ట్రేట్ (మడ్‌లోంచి రాతిలోకి ఇంకే ద్రవం) తగ్గించాలి, పైపుని గోడకు కొట్టుకోనివ్వకూడదు. ముక్కలు మెత్తబడి చేతికి అంటుకుంటుంటే అది నీళ్లు తాగే బంక. పొటాషియం క్లోరైడ్, పాలిమర్, గ్లైకాల్ కలిపిన మడ్ అందుకే పుట్టింది. ఒక మాట: అదే ఉప్పు మడ్ పిట్‌లోంచి కారి పక్క వరిచేలోకో, రొయ్యల చెరువులోకో పోతే ఆ రైతు పంట పోతుంది. పిట్‌లో పరిచిన షీటు చిరగకుండా చూడడం కూడా డ్రిల్లింగ్ పనే.

ట్యాంకు మట్టం పెరిగింది

మడ్ ట్యాంకులు తెరిచి ఉండే రిగ్గు మీద తుఫాను వానకి మట్టం పెరగొచ్చు, ఎవరో వేరే ట్యాంకు నుంచి మడ్ వదిలి ఉండొచ్చు. లేదా కింద నుంచి గ్యాస్ రావచ్చు. మిగతా చోట్ల కారణం తేల్చుకుని చెయ్యి వేయమన్నాను, ఇక్కడ మాత్రం వరుస తిరగబడాలి. పంపు ఆపి ఫ్లో లైన్ (బావిలోంచి మడ్ బయటికొచ్చే గొట్టం) చూడండి, పంపు ఆగినా మడ్ వస్తుంటే బీవోపీ (బావి నోరు మూసే సాధనం) మూసేయండి, వానా గ్యాసా అన్న చర్చ తర్వాత. అనుమానంగా ఉన్నా మూసేయండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకున్న మంటని ఆపడానికి రెండు నెలలు దాటింది, ఆ ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఆ చప్పుడు చెబుతారు. బావి నోరు మూసే సాధనం లేని రోజుల్లో ప్రతి కిక్కూ (పొరలోంచి గ్యాసో ద్రవమో బావిలోకి చొరబడడం) అలా పరిణమించే ప్రమాదం ఉండేది. జేమ్స్ అబర్‌క్రోంబీ, హ్యారీ కామెరాన్ 1922లో రెండు వైపుల నుంచి పైపుని కరిచిపట్టే ర్యామ్ బీవోపీ చేశారు. ఏ సైజు పైపు చుట్టూ అయినా రబ్బరు బిగుసుకునే యాన్యులర్ రకానికి గ్రాన్‌విల్ నాక్స్ 1952లో పేటెంట్ పొందాడు.

మూశాక డ్రిల్‌పైప్ ప్రెషర్ నిలబడేదాకా ఆగి రాసుకోండి. 3000 మీటర్ల బావిలో అది చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు చూపిస్తే మడ్ వెయిట్ 0.10 పెరగాలి. యాన్యులస్ (పైపుకీ బావి గోడకీ మధ్య సందు) గేజి ఇంకా ఎక్కువ చూపిస్తుంది, అందులో గ్యాస్ ఉంది కాబట్టి, కిల్ మడ్ (కిక్కుని అణిచే బరువైన మడ్) లెక్క దానితో కట్టకండి.

చాలా కిక్కులు డ్రిల్లింగ్‌లో కాదు, పైపు బయటికి తీస్తున్నప్పుడు మొదలవుతాయి. 5 అంగుళాల డ్రిల్‌పైప్ స్టాండు (కలిపి ఒకేసారి తీసే మూడు పైపులు) ఒకటి బయటికొస్తే బావి సుమారు 100 లీటర్ల మడ్ తాగాలి. 5 స్టాండ్లకి 500 పట్టాల్సింది 300 మాత్రమే పట్టిందంటే మిగతా చోట్లోకి ఏదో వచ్చి చేరింది. లాగడం ఆపి ఫ్లో చెక్ చేయండి. నిలకడగా ఉంటే మళ్లీ అడుక్కి దింపి సర్క్యులేట్ చేయండి, పారుతుంటే మూయండి. ట్రిప్ షీటుని (పైపు తీస్తుండగా బావికి పట్టిన మడ్ రాసే కాగితం) చివర్లో కూర్చుని నింపేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

మడ్ తిరిగి రావడం లేదు

కొత్త పొరలోకి దిగగానే మొదలైతే సహజమైన పగుళ్లు. వెయిట్ పెంచాకో, పైపు వేగంగా దింపాకో మొదలైతే మనమే పొరని పగలగొట్టాం. మొదటిదానికి మైకా, పొట్టు, పీచు కలిపిన పిల్ పంపాలి. రెండోదానికి స్ట్రోకులు తగ్గించి, బావిని ఊరుకోనిచ్చి, వీలైతే వెయిట్ దించడం. గ్యాస్ ఉన్న ఇసుకరాయిలో కాల్షియం కార్బొనేట్ వాడండి, తర్వాత యాసిడ్‌తో కరుగుతుంది, మైకా కరగదు. ఈలోగా యాన్యులస్‌ని నీళ్లతోనైనా నింపుతూ ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి, మట్టం మరీ పడిపోతే పైపొరలోంచి గ్యాస్ రావచ్చు. వెయిట్ కాస్త పెంచితే పగిలే, కాస్త దించితే కిక్కొచ్చే బావుల కోసమే మేనేజ్డ్ ప్రెషర్ డ్రిల్లింగ్ వచ్చింది: పైన రొటేటింగ్ హెడ్ (తిరిగే పైపు చుట్టూ బిగుసుకునే మూత), చోక్ (మడ్ బయటికొచ్చే దారిని బిగించే కవాటం)తో ప్రెషర్ పట్టి ఉంచి తేలిక మడ్‌తోనే పని నడిపిస్తారు.

ప్రెషర్ మెల్లగా పడిపోతోంది, సిగ్నల్ రావడం లేదు

స్ట్రోకులు అవే ఉండి స్టాండ్‌పైప్ ప్రెషర్ కొద్దికొద్దిగా దిగుతుంటే, ట్యాంకు మట్టం చూసి కిక్ కాదని తేల్చుకున్నాక, రెండో పంపు మీదికి మారండి. బాగుపడితే మొదటి పంపు వాల్వు పోయింది. అప్పటికీ దిగుతుంటే పైపులో ఎక్కడో చిల్లు పడుతోంది, ఇంకో 10 మీటర్లు కొట్టి ఆపుదాం అనుకోకండి, పైపు తెగితే ఫిషింగే, అంటే తెగిన ముక్కని బావిలోంచి పైకి తీసే పని.

ఎండబ్ల్యూడీ (డ్రిల్లింగ్ జరుగుతుండగానే కింది కొలతలు పంపే టూల్) సిగ్నల్ ఆగినా ముందు పైనే వెతకాలి. 1978లో వ్యాపారపరంగా మొదలైన ఈ పద్ధతిలో కొలతలు మడ్‌లో ప్రెషర్ అలలుగా పైకి వస్తాయి. పంపు అదురుని తగ్గించే డ్యాంపెనర్‌లో గ్యాస్ తగ్గినా, మడ్‌లో గాలి చేరినా ఆ అలలు కలగాపులగమవుతాయి. అవన్నీ సరిగ్గా ఉండి, కింద వేడి 150 డిగ్రీలు దాటి ఉంటే టూలే పోయి ఉండొచ్చు, అప్పుడు పైకి తీయక తప్పదు. మొదటి స్టాండు లాగేముందు ట్రిప్ ట్యాంకు (బావికి పట్టే మడ్ కొలిచే చిన్న ట్యాంకు) నింపి, మట్టం షీటులో రాసుకుని మొదలుపెట్టండి.